కలం ఆగినప్పుడు ఏ అలవాటు ఎంచుకోవాలి?

మొన్నొక ఉదయం ఒకే వాక్యాన్ని పదకొండుసార్లు రాశాను. ప్రతిసారీ చివరి మాట దాకా రావడం, నచ్చక బ్యాక్‌స్పేస్ నొక్కిపట్టి మొదటి అక్షరం దాకా చెరిపేయడం. నలభై నిమిషాలయ్యాక ఫైల్లో మిగిలింది శీర్షిక, దాని కింద కొట్టుకుంటున్న కర్సర్. అప్పుడు లేచి పుస్తకాల అర సర్దడం మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి అర అద్దంలా ఉంది. వ్యాసం మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

ఆ ఒక్క పూటలో రెండు వేర్వేరు ఇబ్బందులున్నాయి. మొదటి నలభై నిమిషాలూ రాయలేకపోవడం. తర్వాతి మూడు గంటలూ రాయకుండా తప్పించుకోవడం. చాలాకాలం ఈ రెండింటినీ నేను ఒకటే అనుకున్నాను. రెండింటికీ ఒకటే మందు వేశాను: ఇంకా గట్టిగా కూర్చోవాలి. అది కొన్నిసార్లు పనిచేసింది, ఎక్కువసార్లు చేయలేదు. చేయనప్పుడల్లా నాలోనే ఏదో లోపం ఉందనుకుని బాధపడ్డాను.

రాసేవాళ్లకు సలహాలకేం కొదవ లేదు. రోజూ రాయి, నడిచిరా, టైమర్ పెట్టు, తోచింది రాసెయ్, కొన్నాళ్లు పక్కన పెట్టు. విడివిడిగా చూస్తే అన్నీ మంచివే. పక్కపక్కన పెడితే మాత్రం ఒకదానికొకటి పొసగవు. ‘రోజూ కూర్చో’, ‘కొన్నాళ్లు వదిలెయ్’ అనే రెండు సలహాలూ ఒకే మనిషికి ఒకే రోజు పనికిరావు కదా. కాబట్టి ఏ అలవాటు గొప్పది అని కాకుండా, ఈరోజు నేను ఎక్కడ ఆగాను అని అడగడం దగ్గర మొదలుపెడదాం.

ఎక్కడ ఆగిందో ముందు చూడండి

రాయాలని ఉన్నా రాయలేక ఆగిపోవడాన్ని చెప్పే ‘రైటర్స్ బ్లాక్’ అనే మాట 1940ల్లో ఎడ్మండ్ బెర్గ్లర్ అనే మానసిక విశ్లేషకుడి వల్ల ప్రచారంలోకి వచ్చింది. రాయలేని వాళ్లందరి సమస్యకూ మూలం ఒకటేనని, అది పసితనంలో ఉందని ఆయన నమ్మాడు. ఆ నమ్మకం ఇప్పుడు పెద్దగా ఎవరికీ లేదు గానీ, అందరికీ ఒకటే పేరు పెట్టే అలవాటు మాత్రం మనకు మిగిలిపోయింది.

ఒక పది నిమిషాలు మిమ్మల్ని మీరు గమనించుకోండి. అసలు కుర్చీ దాకానే రాలేకపోతున్నారా? కూర్చున్నారు, రాస్తున్నారు, కానీ రాసింది రాసినట్టే చెరిపేస్తున్నారా? చెరపడానికి కూడా ఏమీ రాక, బుర్ర ఖాళీగా ఉందా? లేక సగం దాకా బాగానే వచ్చి, ఇక్కణ్ణుంచి ఎటు వెళ్లాలో తెలియక ఆగారా? బయటికి నాలుగూ ఒకేలా కనిపిస్తాయి, ఆ రోజు పేజీ నిండలేదన్నంత వరకే. లోపల నాలుగు దారులు.

కుర్చీ దాకా రాలేకపోతుంటే

ఇది అసలు రైటర్స్ బ్లాక్ కాదు, వాయిదా. దీన్ని బద్ధకం అనడం నాకు ఇష్టం ఉండదు. బద్ధకం ఉన్నవాళ్లు పుస్తకాల అర సర్దరు. ఫుషియా సిరోయ్, తిమోతీ పిచిల్ అనే మనస్తత్వ పరిశోధకులు 2013లో రాసిన వ్యాసంలో వాయిదాను సమయపాలన సమస్యగా కాకుండా మూడ్‌ను సర్దుకునే ప్రయత్నంగా వివరించారు. పని తలుచుకోగానే గుండెల్లో ఒక రకమైన టెన్షన్. దాన్ని పక్కన పెట్టగానే హాయి. ఆ హాయి కోసమే మనం వాయిదా వేస్తాం. 1997లో విద్యార్థుల మీద జరిగిన ఒక అధ్యయనంలో ఇది స్పష్టంగా కనిపించింది. వాయిదా వేసేవాళ్లకు సెమిస్టర్ మొదట్లో మిగతావాళ్లకంటే ఒత్తిడి తక్కువ. చివరికొచ్చేసరికి ఒత్తిడీ, అనారోగ్యమూ ఎక్కువ, మార్కులు తక్కువ. అప్పు తీసుకున్న హాయికి వడ్డీ కట్టినట్టు.

ఇక్కడ పోటీపడే అలవాట్లు ముఖ్యంగా మూడు.

ఒకటి టైమర్. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇటాలియన్‌లో టమాటాని పోమోదోరో అంటారు, అదే ఈ పద్ధతి పేరయింది. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. రెండోది మాటల లెక్క. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ పోస్టాఫీసు ఉద్యోగం చేస్తూనే తెల్లవారుజామున ఐదున్నరకి కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకు 250 మాటలు రాసేవాడు. మూడోది డిటెక్టివ్ నవలలు రాసిన రేమండ్ చాండ్లర్ పెట్టుకున్న నియమం. రోజుకు కనీసం నాలుగు గంటలు, ఆ సమయంలో రాయాలన్న బలవంతం లేదు. కానీ రాయకపోతే ఇంకేమీ చేయకూడదు. చదవకూడదు, ఉత్తరాలు రాయకూడదు. కిటికీలోంచి చూస్తూ కూర్చోవచ్చు.

వాయిదా వేసేవాళ్లకు నేను మొదట టైమర్‌నే ఇస్తాను. అది ఫలితం అడగదు. 25 నిమిషాలు ఎక్కువనిపిస్తే పది పెట్టండి. భయం పుట్టేది ‘వ్యాసం పూర్తి చేయాలి’ అన్న ఆలోచనతో. ‘పది నిమిషాలు కూర్చోవాలి’ అంటే భయపడేవాళ్లు తక్కువ. మాటల లెక్క అప్పటికే కూర్చోవడం అలవాటై, కూర్చున్నాక దిక్కులు చూసేవాళ్లకు మంచిది. ఒక జాగ్రత్త: ఇంగ్లీషువాళ్ల లెక్కల్ని మనం అలాగే తెచ్చుకోకూడదు. ‘ఇంట్లోంచి’ అని మనం ఒక్క మాటలో చెప్పేదానికి వాళ్లకు మూడు నాలుగు మాటలు కావాలి. 250 అని వాళ్లు చెబితే మనకు 150 కూడా నిండైన పనే. చాండ్లర్ నియమం నాకు ఎంతో నచ్చుతుంది గానీ, అందులో ఇబ్బంది ఏంటంటే నాలుగు గంటలు ఎవరి దగ్గరా ఉండవు. నలభై నిమిషాలకు కుదించి, ఫోన్ వేరే గదిలో పెట్టి చేసి చూడండి. మొదటి పది నిమిషాలు చాలా ఇబ్బందిగా ఉంటుంది. ఆ తర్వాత రాయడమే తక్కువ విసుగ్గా అనిపిస్తుంది.

ఏది ఎంచుకున్నా, దాన్ని ఒక సందర్భానికి కట్టేయండి. ‘రేపు రాస్తాను’ అనేది ఉద్దేశం. ‘పొద్దున్నే మొహం కడుక్కోగానే ఫైలు తెరిచి, నిన్నటి చివరి పేరా పైకి చదువుతాను’ అనేది ప్లాన్. ఇలా ‘ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను’ అని ముందే తేల్చుకున్నవాళ్లు అనుకున్నది చేసే అవకాశం ఎక్కువని మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1990ల నుంచి వరసగా చూపిస్తూ వచ్చాడు. ఆ క్షణంలో నిర్ణయం తీసుకోవాల్సిన పని ఉండదు, అదీ దాని బలం.

రాసింది చెరిపేస్తుంటే

ఇదే నా అసలు సమస్య, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

1980లో మైక్ రోజ్ అనే అమెరికన్ పరిశోధకుడు పదిమంది కాలేజీ విద్యార్థులను పరిశీలించాడు. ఐదుగురు రాయలేక ఆగిపోయేవాళ్లు, ఐదుగురు మామూలుగా రాసేవాళ్లు. ఆగిపోయేవాళ్లకు ప్రతిభ తక్కువేమీ కాదు. వాళ్ల తలలో ఉన్న రూల్స్ మాత్రం రాతి మీద చెక్కినట్టుండేవి. మొదటి పేరాలోనే పాఠకుణ్ణి పట్టేయాలి. ప్రతి వాక్యం మొదటిసారే వ్యాకరణం తప్పకుండా రావాలి. రాయగలిగేవాళ్లకూ రూల్స్ ఉన్నాయి, కానీ అడ్డొస్తే పక్కన పెట్టేసేవాళ్లు. ఇది చదివాక నా పదకొండు వాక్యాలు నాకు అర్థమయ్యాయి. నేను రాయలేకపోవడం లేదు. రాస్తూనే దిద్దుతున్నాను. ఒకే బండికి ముందొక ఎద్దు, వెనకొక ఎద్దు కట్టి తోలుతున్నాను.

ఇలాంటివాళ్లు మాటల లెక్క జోలికి పోవద్దు. చెరిపేసిన మాటలు లెక్కలోకి రావు, సాయంత్రానికి సున్నా చూసుకుని ఇంకా కుంగిపోతారు. మీకు పనికొచ్చేవి వేరే మూడున్నాయి.

తోచింది తోచినట్టు రాయడం ఒకటి. దీన్ని 1973లో పీటర్ ఎల్బో అనే అమెరికన్ అధ్యాపకుడు విస్తృతంగా ప్రచారం చేశాడు. పది నిమిషాలు చెయ్యి ఆపకుండా రాయాలి, వెనక్కి చూడకూడదు, ఏమీ తోచకపోతే ‘ఏమీ తోచడం లేదు’ అనే రాయాలి. దీనివల్ల చెరిపే వేలికి కాస్త విశ్రాంతి. కానీ నేర్పుగా దిద్దడం అలవాటైపోయినవాళ్లకు కీబోర్డ్ మీద ఇది కష్టం, బ్యాక్‌స్పేస్ పక్కనే ఉంటుంది. అందుకే రెండో మార్గం, కాగితం మీద పెన్నుతో. పెన్సిల్ వద్దు. కొట్టేసిన మాట కూడా కాగితం మీద కనిపిస్తూనే ఉంటుంది, తిరిగి తెచ్చుకోవచ్చు. తెలుగులో టైప్ చేసేవాళ్లకు ఇంకో లాభం కూడా ఉంది. ఒత్తు ఎక్కడుందో, ‘ళ’ ఏ కీ మీదుందో వెతుక్కునే లోపు వాక్యం సగం జారిపోతుంది. చేతిరాతలో ఆ వెతుకులాట లేదు.

మూడోది, నేను అన్నింటికన్నా ఎక్కువ నమ్మేది, మాట్లాడి రికార్డ్ చేసుకోవడం. తెలుగులో రాసేవాళ్లకు ఇది ప్రత్యేకంగా పనికొస్తుంది. పెన్ను పట్టగానే మనలో చాలామంది పరీక్ష పేపర్ భాషలోకి వెళ్లిపోతాం. నీటి కరువు మీద ఒక వ్యాసం మొదలుపెడుతూ నేను రాసిన వాక్యం ఇది: ‘మానవ జీవితంలో నీటి ప్రాధాన్యత అనన్యసామాన్యమైనది.’ నాలుగు రోజులు దాన్నే తిప్పితిప్పి రాశాను. ‘అత్యంత కీలకమైనది’ అన్నాను, ‘మాటల్లో చెప్పలేనిది’ అన్నాను. ఐదో రోజు ఒక స్నేహితురాలు ఫోన్లో ‘ఏం రాస్తున్నావ్’ అంటే చెప్పాను: “నీళ్లు రాని రోజు ఇంట్లోవాళ్లు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడతారో గమనించావా? అక్కణ్ణుంచి మొదలుపెట్టాలని ఉంది.” చెబుతుండగానే తెలిసింది, మొదటి వాక్యం దొరికేసిందని. నోటికి వచ్చింది చేతికి రాలేదు, అంతే. అప్పట్నుంచీ ఎక్కడ ఇరుక్కున్నా ఫోన్లో రికార్డర్ ఆన్ చేసి, ఎదురుగా ఒక మనిషి ఉన్నట్టు ఊహించుకుని, ‘అసలేం జరిగిందంటే’ అని మొదలుపెడతాను. తర్వాత విని, పనికొచ్చే ముక్కలు ఏరుకుంటాను.

ఇక్కడ ‘కొన్నాళ్లు పక్కన పెట్టు’ అనే సలహా మాత్రం పాటించకండి. చెరిపేవాళ్లకు విరామం ఇస్తే, తిరిగొచ్చాక ఇంకా శ్రద్ధగా చెరుపుతారు.

బుర్ర ఖాళీగా ఉంటే

ఇది వేరే సంగతి. గట్టిగా కూర్చోవడం ఇక్కడ నిజంగా దండగ. బావిలో నీళ్లు లేనప్పుడు చేద ఎన్నిసార్లు వేసినా అంతే. నింపుకోవాలి, లేదా వదిలేసి ఊరనివ్వాలి.

ఊరనివ్వడం గురించి మంచి ఆధారమే ఉంది. పక్కన పెట్టి మళ్లీ రావడం మీద జరిగిన 117 అధ్యయనాలను 2009లో సియో, ఆర్మెరాడ్ అనే పరిశోధకులు కలిపి చూశారు. మొత్తం మీద విరామం మేలే చేస్తుందని తేలింది, ముఖ్యంగా ఒకే సమస్యకు అనేక జవాబులు వెతకాల్సిన చోట. అయితే ముందు సమస్యతో కాసేపు కుస్తీ పట్టి ఉండాలి. అసలు మొదలుపెట్టకుండా పక్కన పెడితే ఊరేది ఏమీ ఉండదు, అది వాయిదానే. నేను పెట్టుకున్న గుర్తు ఇది: లేచే ముందు ఒక ప్రశ్న కాగితం మీద రాయగలిగితే అది విరామం. రాయలేకపోతే పారిపోతున్నట్టు.

విరామంలో ఏం చేయాలి? నడక. స్టాన్‌ఫర్డ్‌లో ఒపెజో, ష్వార్ట్జ్ 2014లో చేసిన ప్రయోగాల్లో, కూర్చున్నప్పటికంటే నడుస్తున్నప్పుడు కొత్త ఆలోచనలు సగటున 60 శాతం ఎక్కువొచ్చాయి. ట్రెడ్‌మిల్ మీద గోడకేసి చూస్తూ నడిచినా లాభం కనిపించింది. అదే ప్రయోగంలో ఇంకో విషయం ఉంది, దాన్ని ఎక్కువమంది చెప్పరు. ఒకే ఒక్క సరైన జవాబు వెతకాల్సిన పరీక్షలో నడిచేవాళ్లు కొంచెం వెనకబడ్డారు. కాబట్టి ‘దీన్ని ఎన్ని రకాలుగా మొదలుపెట్టొచ్చు’ అన్నప్పుడు నడవండి. ‘ఈ పేరాలో తర్కం ఎక్కడ తెగింది’ అన్నప్పుడు కూర్చోండి.

నింపుకోవడానికి చదవడం కూడా మంచి దారే, కానీ అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది కూడా అదే. ‘ఇంకొక్క వ్యాసం చదివి మొదలుపెడతాను’ అనుకుంటూ వారాలు గడిపేయొచ్చు. పైకి కష్టపడుతున్నట్టే ఉంటుంది. నేను చదివింది మూసేసి, చూడకుండా ఐదు వాక్యాల్లో రాస్తాను. రాయగలిగితే చదవడం చాలు. ఫోన్ స్క్రోల్ చేయడం ఈ లెక్కలోకి రాదు. అది మనసును ఖాళీగానూ ఉంచదు, నింపదు కూడా.

సగంలో ఇరుక్కుంటే

ఇది చాలాసార్లు ధైర్యం సమస్య కాదు, నిర్మాణం సమస్య. ప్లాన్ లేకుండా బయల్దేరినవాళ్లు ఇక్కడ ఎక్కువగా ఆగుతారు. ప్లాన్ మరీ గట్టిగా వేసుకున్నవాళ్లు కూడా ఆగుతారు, రాస్తూ రాస్తూ తెలిసిన కొత్త సంగతి పాత ప్లాన్‌లో ఇమడక.

రాసిన ప్రతి పేరా పక్కన, అది ఏం చెబుతోందో ఒక్క ముక్కలో రాయండి. ఏం చెప్పబోయారో కాదు, నిజంగా ఏం చెబుతోందో. తొంభై శాతం సార్లు నాకు కనిపించేది ఒకటే: మూడో పేరా, ఆరో పేరా ఒకే మాట చెబుతుంటాయి, లేదా నాలుగో దగ్గర విషయం మారిపోయి ఉంటుంది. ఆగింది ఏడో పేరాలో, తప్పు నాలుగో పేరాలో. ముడి దొరక్కపోతే ఆ చోట ‘ఇక్కడ ఏదో కావాలి’ అని రాసి, తెలిసిన తర్వాతి భాగానికి దూకేయండి. వరసలోనే రాయాలని ఎవరూ శాసనం వేయలేదు.

రేపు ఇరుక్కోకుండా ఈరోజే చేయగలిగింది కూడా ఒకటుంది. బాగా సాగుతున్నప్పుడే, తర్వాత ఏం వస్తుందో తెలిసి ఉండగానే ఆపేయమని అమెరికన్ నవలాకారుడు హెమింగ్వే 1935లో ఒక పత్రిక వ్యాసంలో చెప్పాడు. నేను మరీ వాక్యం మధ్యలో ఆపుతాను. మర్నాడు ఫైలు తెరవగానే సగం వాక్యం ఎదురుచూస్తుంటుంది, దాన్ని పూర్తి చేయకుండా ఉండటం కష్టం.

రోజూనా, మూడ్ వచ్చినప్పుడా?

ఈ వాదన ఎప్పుడూ ఉండేదే. మనస్తత్వవేత్త రాబర్ట్ బాయిస్ 1983లో, రాయలేకపోతున్నామని చెప్పుకున్న 27 మంది అధ్యాపకులను మూడు గుంపులు చేసి చూశాడు. అసలు రాయవద్దని ఒక గుంపుకు, మూడ్ వస్తేనే రాయమని రెండో గుంపుకు, తప్పనిసరిగా రాయాలని మూడో గుంపుకు చెప్పాడు. మూడో గుంపు ఎక్కువ పేజీలు రాయడంలో ఆశ్చర్యం లేదు. కొత్త ఆలోచనలు కూడా వాళ్లకే ఎక్కువొచ్చాయి, దాదాపు రోజుకొకటి. మూడ్ కోసం ఆగినవాళ్లకు రెండు రోజులకొకటి, రాయనివాళ్లకు ఐదు రోజులకొకటి. 27 చిన్న సంఖ్యే, కాబట్టి దీన్ని వేదవాక్కుగా తీసుకోను. కానీ నా అనుభవం కూడా అటే ఉంది. మూడ్ రాయడానికి ముందు వచ్చిన రోజులు తక్కువ, రాస్తుండగా వచ్చిన రోజులు ఎక్కువ.

అయినా ఉద్యోగం, పిల్లలు, ఇంట్లో పెద్దవాళ్లను చూసుకునే బాధ్యత ఉన్నవాళ్లకు ‘రోజూ’ అనే మాటే భారం. వారానికి మూడు రోజులు, ఒకే వేళకు, అరగంట. ఆదివారం ఐదు గంటల కంటే నాకు ఇదే మేలనిపిస్తుంది, ఎందుకంటే ఆ ఆదివారం ఏదో ఒక పని పడితే వారమంతా పోతుంది. అలవాటు కుదరడానికి 21 రోజులు చాలంటారు. ఫిలిప్పా లాలీ బృందం 2010లో 96 మందిని గమనిస్తే మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, 18 నుంచి 254 దాకా తేడా ఉంది. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదు కూడా. మూడు వారాల్లో కుదరలేదని వదిలేసినవాళ్లెంతమందో అని ఇది చదివినప్పుడు బాధేసింది.

ఒక చిన్న మాట వాయిదా వేసేవాళ్ల పక్షాన. స్టాన్‌ఫర్డ్ తత్వశాస్త్ర అధ్యాపకుడు జాన్ పెర్రీ 1996లో ఒక పద్ధతి చెప్పాడు: పెద్ద పని తప్పించుకోవడానికి చిన్న పనులు చేస్తాం కదా, ఆ చిన్న పనులనే ఉపయోగపడేవిగా పెట్టుకోమని. నాకది సగమే ఒప్పుతుంది. రాయాల్సింది రెండు ఉన్నప్పుడు ఒకదాన్ని తప్పించుకోవడానికి రెండోది రాయడం చక్కగా పనిచేస్తుంది. పుస్తకాల అర ఎంత సర్దినా రచన పెరగదు.

తప్పిన రోజున మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. 2010లో 119 మంది మొదటి సంవత్సరం విద్యార్థులను పరిశీలించినప్పుడు, మొదటి పరీక్షకు చదవకుండా వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవాళ్లు రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. తిట్టుకుంటే ఆ పని తలుచుకోవడమే ఇంకా చేదవుతుంది, మళ్లీ తప్పించుకుంటాం.

ఇంకో విషయం, ఇది అలవాట్లకు సంబంధించింది కాదు. రాయడమే కాదు, చదవడం, మాట్లాడటం, ఇష్టమైన పాట వినడం కూడా రెండు మూడు వారాలుగా రుచించకపోతే, నిద్ర సరిగ్గా లేకపోతే, టైమర్లూ నడకలూ పక్కన పెట్టి డాక్టర్‌ను కలవండి. అది రైటర్స్ బ్లాక్ కాకపోవచ్చు.

మిగతావాళ్లు మీకు సరిపోయేది ఒక్కటే తీసుకోండి. నాలుగూ కలిపి మొదలుపెడితే ఏది పనిచేసిందో తెలియదు. ఒక కార్డు మీద తేదీ, కూర్చున్న నిమిషాలు, ఎక్కడ ఆగారో ఒక మాట: ‘చెరిపాను’, ‘ఖాళీ’, ‘ముడి’, ‘కూర్చోలేదు’. రెండు వారాలయ్యాక చూడండి. నా కార్డు మీద మొదటిసారి ‘చెరిపాను’ అని తొమ్మిదిసార్లు, ‘కూర్చోలేదు’ అని రెండుసార్లు ఉంది. నేను బద్ధకస్తుణ్ణని అన్నాళ్లూ అనుకున్నది తప్పని ఆ కార్డు చూశాకే తెలిసింది. ఆ రోజే కీబోర్డ్ పక్కకు జరిపి రికార్డర్ ఆన్ చేశాను.